జొన్నకూడు – సన్నబియ్యం

‘అన్నం’ అనే మాటకు మూలార్థం తినబడేది అని. ఆ లెక్కన ఏ ధాన్యం వండినా అన్నమే కావాలి. కాని తెలుగులో ఆ మాట రానురాను ఇరుకైపోయింది. ఈనాడు అన్నమంటే వరిబియ్యం వండినది మాత్రమే. తక్కిన ధాన్యాలకు విశేషణం తగిలించకపోతే అర్థం కాదు: జొన్నన్నం, కొర్రన్నం. మెట్టప్రాంతాల్లో రెండుమూడు తరాల కిందట పరిస్థితి ఇందుకు తలకిందులుగా వుండేది. అక్కడ విశేషణం వరికే కావలసివచ్చేది. ‘వరన్నం’ అని ప్రత్యేకించి చెప్పుకునేవారు. అది పండుగనాటి తిండి, పెళ్ళినాటి తిండి, రోగికి పెట్టే పథ్యం. మామూలు రోజుల్లో తినేది సంకటి, గటక, రొట్టె, అంబలి. ఈ విశేషణం ఒక ధాన్యం మీద నుంచి మరొక ధాన్యం మీదికి ఎలా మారింది, ఎవరు మార్చారు అన్నది వ్యాకరణం తేల్చగల ప్రశ్న కాదు.

దీనికి మన విద్యావంతులు సాధారణంగా చెప్పే సమాధానం ఒకటుంది. జనం చేతిలో నాలుగు డబ్బులాడాయి, ముతకతిండి మాని మెత్తని తిండికి అలవాటుపడ్డారు, అంతే అంటారు. ఈ సమాధానం పూర్తిగా అబద్ధం కాదు గనుకనే దీన్ని తోసిపుచ్చడం కష్టం. అయితే ఇది రుచిని నాలుకమీద పుట్టి నాలుకమీదనే పెరిగే వస్తువుగా చూపిస్తుంది. నా ఉద్దేశంలో గడిచిన అరవై ఏళ్ళలో తెలుగు ప్రజల రుచి చాలావరకు ఢిల్లీలో నిర్ణయమైన ధరల వెంట, గిడ్డంగుల వెంట, కాలవనీటి వెంట, కరెంటు వెంట నడిచింది. ఈ సంగతిని మన అభ్యుదయ సాహిత్యం సైతం తగినంతగా పట్టించుకోలేదు. ఆకలిని గురించి మన రచయితలు గొప్పగా రాశారు. ఆకలిగొన్నవాడి కంచంలో పూర్వం ఏ ధాన్యం వుండేదో, దాన్ని అక్కడినుంచి ఏ శక్తులు తొలగించాయో రాసినవారు తక్కువ.

తిండిని చరిత్రకు ఆధారంగా వాడుకోవచ్చునని మనకు నేర్పినవారు సురవరం ప్రతాపరెడ్డి. 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఆయన కావ్యాలను తిరగవేసి, తెలుగువాళ్ళు ఏ కాలంలో ఏమి తిన్నారో, ఏమి కట్టారో ఏరి పెట్టారు. రాజుల పేర్లూ యుద్ధాల తేదీలే చరిత్ర అనుకునే రోజుల్లో అది సాహసమే. ఆయన చూపిన దారిలో శ్రీనాథుడి పేరు మీద ప్రచారంలో వున్న పల్నాటి చాటువులను మరొకసారి చూడాలి. సన్నన్నానికీ, రాజాస్థానాల భోగానికీ అలవాటుపడిన పదిహేనో శతాబ్దపు కవి పల్నాటికి పోయి, ఎటుచూసినా జొన్నే కనిపించేసరికి విసుక్కున్నాడు. రసికుడనేవాడు ఆ నాటికి పోడనీ, అక్కడికి పోతే అప్సరస కూడా ఏకులు వడకవలసిందేననీ, రాజైనా నాగలి పట్టవలసిందేననీ, మన్మథుడంతటివాడు కూడా జొన్నకూడు తినవలసిందేననీ వెక్కిరించాడు.

తరగతిలో ఈ చాటువు చెప్పినప్పుడల్లా విద్యార్థులు నవ్వుతారు. నవ్వవలసిన చోట నవ్వడం తప్పు కాదు. కాని ఆ వెక్కిరింతలో దేన్ని దేనితో జతచేశాడో గమనించమని వారికి చెప్పవలసిన బాధ్యత ఉపాధ్యాయులకు వుంది. వడకడం, దున్నడం, జొన్నకూడు తినడం – ఈ మూడింటినీ కవి ఒకే వరుసలో కూర్చోబెట్టాడు. పల్నాటిలో ఆయనకు గిట్టనిది జొన్న ఒక్కటే కాదు. అక్కడ శ్రమనుంచి మినహాయింపు పొందినవాడు కనిపించకపోవడం ఆయనకు గిట్టలేదు. జొన్నను ఎగతాళి చేసినప్పుడు ఆయన ఎగతాళి చేసింది దాన్ని పండించి తినే చేతులను. (అదే కవి చివరిదశలో కృష్ణ ఒడ్డున ఊరు గుత్తకు పట్టి, పంట వరదపాలై, శిస్తు బకాయిపడి శిక్ష అనుభవించాడని కూడా చాటువులే చెబుతాయి. పాపం, అప్పటికి గాని రైతు కష్టం ఆయన పద్యంలోకి రాలేదు.)

శ్రీనాథుడు వెక్కిరించిన పల్నాడు ఇప్పుడు లేదు. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967లో కాలవలకు నీరు వదిలారు. కుడికాలవ పల్నాటి భూముల మీదుగా పారింది. ఆ ఆయకట్టులో కొంతభాగాన్ని వరికీ, కొంతభాగాన్ని ఆరుతడి పంటలకూ కేటాయించినా, నీరందినచోటల్లా రైతు వరి నాటాడు. అధికారులు దీన్ని రైతుల క్రమశిక్షణారాహిత్యమన్నారు. కాని ఏ పంటను ప్రభుత్వం కొంటుందో, ఏ పంటకు మిల్లు వుందో, ఏ పంట మీద బ్యాంకు అప్పు ఇస్తుందో తెలిసిన రైతు మరొక విధంగా ప్రవర్తించాలని ఆశించడమే వింత. ఆనకట్ట కట్టినవారిని నేను తప్పుపట్టడం లేదు. నీళ్ళు రాకముందు పల్నాటి పేదవాడు జొన్నకూడు తిని హాయిగా వున్నాడనడానికి ఎంతో ధైర్యం కావాలి, ఆ ధైర్యం నాకు లేదు.

అయితే నీరు వచ్చిన చోట వరి వచ్చిందంటే అర్థం చేసుకోవచ్చు. నీరు రాని చోట, కాలవ ముఖం చూడని మెట్ట ఊళ్ళలో సైతం జొన్న, కొర్ర, వరిగ కంచంలోనుంచి ఎందుకు పోయాయి? ఇక్కడే జాతీయ వ్యవసాయ విధానాన్ని తరచి చూడవలసివుంది.

1959లో ఫోర్డ్ ఫౌండేషన్ నిపుణుల బృందం ఒకటి భారతదేశపు ఆహారసంక్షోభం మీద నివేదిక ఇచ్చింది. దాని సారాంశం క్లుప్తంగా చెప్పాలంటే, వున్న ఎరువునూ, విత్తనాన్నీ, అప్పునూ దేశమంతా పలచగా చల్లకుండా త్వరగా ఫలితమిచ్చే ప్రాంతాల్లో కుప్పపోయాలి. త్వరగా ఫలితమిచ్చేవి నికరమైన నీటివసతి వున్న ప్రాంతాలు. ఆ ప్రకారం 1960–61లో సాంద్ర వ్యవసాయ పథకానికి మొదట ఎంపికైన ఏడు జిల్లాల్లో మన పశ్చిమగోదావరి ఒకటి. దేశంలో ఎన్నో మెట్టజిల్లాలుండగా డెల్టా జిల్లాను ఎన్నుకోవడం పొరపాటు వల్ల జరగలేదు. అది సిద్ధాంతమే. కలిగిన భూమికి మరికొంత కలిగించడం, లేని భూమిని వానదేవుడికి వదిలేయడం ఆనాడు మొదలై ఇప్పటిదాకా సాగుతున్నది. 1966లో అధికదిగుబడి వంగడాల కార్యక్రమం వచ్చింది. ఫిలిప్పీన్స్‌నుంచి దిగిన ఐ.ఆర్.8 వంగడానికి పశ్చిమగోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు మన నేలమీద పేరు తెచ్చారు. ఆ తర్వాత మారుటేరు పరిశోధనాకేంద్రంనుంచి స్వర్ణ, బాపట్లనుంచి సాంబమసూరి వచ్చాయి. మన శాస్త్రజ్ఞుల కృషి సామాన్యమైనది కాదు.

జొన్నకు శాస్త్రజ్ఞులు లేకపోలేదు. సంకరజొన్న సి.ఎస్.హెచ్.1 విడుదలైంది 1964లో, అంటే ఐ.ఆర్.8 కంటె ముందే. 1972లో పటాన్‌చెరువు దగ్గర అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాసంస్థ వెలిసింది. జొన్న, సజ్జల మీద ప్రపంచంలో ఎక్కడా లేనంత విత్తన సంపద అక్కడ చల్లని గదుల్లో భద్రంగా వుంది. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాలకే ప్రత్యేకించిన జాతీయసంస్థ మరొకటి వుంది. ఈ రెండు సంస్థల గోడలకు అటూ ఇటూ వున్న ఊళ్ళలోనే జొన్నచేను అరుదైపోయింది. కనుక లోటు విజ్ఞానంలో లేదు, విత్తనం తర్వాత రావలసినవాటిలో వుంది.

ఆ తర్వాత రావలసినవి ధర, కొనుగోలు, నిల్వ, పంపిణీ. 1965లో వ్యవసాయ ధరల కమిషన్, భారత ఆహారసంస్థ రెండూ ఏర్పడ్డాయి. అవి కరువు సంవత్సరాలు. అమెరికా పి.ఎల్.480 గోధుమ ఓడలు ఎప్పుడు వస్తాయా అని ప్రభుత్వం రేవుల వైపు చూస్తున్న రోజులు. ఓడ ఆలస్యమైనప్పుడల్లా దేశం తలవంచవలసివచ్చింది. ఆ అవమానంనుంచి బయటపడటానికి గింజలు కొని దాచిపెట్టే సొంత యంత్రాంగం నిర్మించుకోవడం న్యాయమే. కాని ఆ యంత్రాంగం ఏ స్వభావంతో పుట్టిందో అదే స్వభావంతో దేశపు తిండిని మలిచింది. ఒకేచోట లక్షల బస్తాలుగా దొరికేది, ఒకే రకంగా మరపట్టేది, రైలుపెట్టెల్లో వెయ్యి మైళ్ళు పోగలిగేది ఆ యంత్రాంగానికి ధాన్యం. అటువంటివి రెండే: గోధుమ, వరి. ఊరికి నలభై బస్తాల కొర్ర, యాభై బస్తాల సామ దొరికితే దాన్ని ధాన్యంగా గుర్తించే కన్ను దానికి లేదు. ముతకధాన్యం నిలవుండదన్నది అధికారులు తరచుగా చెప్పే కారణం. పిండిచేసిన సజ్జ నిలవుండదన్నది నిజమే. కాని మన పల్లెల్లో జొన్నను పాతరవేసి ఏళ్ళ తరబడి కాపాడుకున్న చరిత్ర వుంది, రాగి సంగతి చెప్పనే అక్కరలేదు.

‘కనీస మద్దతు ధర జొన్నకు కూడా ఇస్తున్నాం కదా’ అని వాదించేవారున్నారు. అంకెలు చూస్తే వారి మాట నిజంలాగే కనిపిస్తుంది. 2025–26 ఖరీఫ్‌కు సాధారణరకం వరికి క్వింటాలుకు 2,369 రూపాయలు ప్రకటిస్తే, సంకరజొన్నకు 3,699, రాగికి 4,886 ప్రకటించారు. క్వింటాలు లెక్కన రాగి ధర వరికి రెండింతలు మించింది. మరి రైతు రాగి ఎందుకు వేయడు? ధర ప్రకటించడం వేరు, కొనడం వేరు. వరికి కోతలనాటికి కొనుగోలు కేంద్రం తెరుస్తారు, జాప్యమైతే రోడ్డెక్కి అడగవచ్చు. జొన్నకు అప్పుడప్పుడు, కొన్ని జిల్లాల్లో కొనుగోలు జరగకపోలేదు. కాని ఏటా తప్పకుండా కొంటారన్న భరోసా లేనప్పుడు విత్తేవేళ రైతుకు అది ఉపయోగపడదు. పైగా నీరున్న ఎకరంలో వరి ఇరవై క్వింటాళ్ళు దాటుతుంది. వానకు పండే జొన్న అందులో నాలుగోవంతు వస్తే సంతోషించాలి. ఇక కొర్ర, సామ, అరిక, వరిగలకు జాతీయస్థాయిలో ఆ కాగితపు ధర కూడా లేదు. మద్దతు ధరకు ప్రభుత్వసంస్థలకు ధాన్యం అమ్మగలిగినవారు దేశంలో నూటికి ఆరుగురు రైతులేనని 2015లో శాంతకుమార్ సంఘం చెప్పింది. ఆ సంఘం దానినుంచి తీసిన పర్యవసానాలు, ముఖ్యంగా ఆహారసంస్థ పాత్రనూ రేషన్ పరిధినీ కుదించాలన్నవి, మనం అంగీకరించదగినవి కావు. అంకె మాత్రం ఆలోచించదగినది. 2020–21లో ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదిపైగా పోరాడిన రైతులు మద్దతు ధరకు చట్టబద్ధత అడిగారు. ఆ కోరిక న్యాయమైనది. అయితే గోధుమ, వరి పొలాల్లో పుట్టిన ఆ నినాదం మెట్టరైతు చేను దాకా రావాలంటే, ధరతోపాటు ఏమి కొంటారు, ఎక్కడ కొంటారు అన్న ప్రశ్న కూడా అందులో చేరాలి.

జొన్న స్థానాన్ని ఆక్రమించింది వరి ఒక్కటే అనుకోవడం కూడా సరికాదు. తెలంగాణ నల్లరేగళ్ళలో జొన్న పోయి పత్తి వచ్చింది. 2002లో బి.టి. పత్తికి అనుమతి వచ్చాక ఆ ఊపు ఇంకా పెరిగింది. అనంతపురంలో కొర్ర పోయి వేరుశనగ వచ్చింది. నూనెగింజలకు 1986లో జాతీయస్థాయి ప్రోత్సాహం దొరికింది. తొంభైల్లో అదే కేంద్రం పామోలిన్ దిగుమతికి తలుపులు బార్లా తెరిచింది. ఒక చేత్తో వేయమని, మరొక చేత్తో దాని ధర విరిచిన విధానమిది. ఈనాడు దేశం తినే నూనెలో సగానికి పైగా దిగుమతి. దానికి విరుగుడుగా 2021లో ప్రకటించిన పథకం మళ్ళీ పామాయిల్ తోటలకే. జొన్నచేలో సాళ్ళమధ్య కంది వుండేది, పక్కన అనుములూ అలసందలూ వుండేవి. జొన్న పోతే అవీ పోయాయి. చొప్ప పోయింది, ఎద్దుకు మేత తగ్గింది. కడుపునిండా గింజ దొరికిన ఇంట్లోనే పప్పు పలచబడింది. ఒకరిద్దరు మొండిపట్టుగా జొన్న వేస్తే ఊరి పిట్టలన్నీ ఆ చేనుమీదనే వాలతాయి. మంచెమీద కూర్చుని వడిసెల తిప్పడానికి మనిషి దొరకడు. పంట ఒంటరిదైనప్పుడు దాన్ని నిలబెట్టుకోవడం ఒక్కడివల్ల కాదని మెట్టరైతులందరికీ తెలుసు.

తెలంగాణలో 2018నుంచి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల ఉచిత విద్యుత్తు, ఆ తర్వాత ఎత్తిపోతల నీళ్ళు తోడై వరి విస్తీర్ణం ఒక్కసారిగా పెరిగింది. 2020–21 నాటికి ధాన్యం సేకరణలో పంజాబు తర్వాత స్థానం తెలంగాణది. అంతలోనే 2021లో కేంద్రం ఉప్పుడు బియ్యం తీసుకోబోమన్నది. యాసంగి వడ్లు ఎండలకు ముదిరి, పచ్చిగా మరపడితే నూకవుతాయి గనుక వాటిని ఉప్పుడు బియ్యం చేయక తప్పదు. ఆ యాసంగికి వరి వేయవద్దని రాష్ట్రప్రభుత్వమే రైతులకు చెప్పవలసివచ్చింది. 2022 ఏప్రిల్‌లో అదే రాష్ట్రప్రభుత్వం ఢిల్లీలో ధర్నా చేసింది. ఎవరి మాట ఎంత ఒప్పో రాజకీయపక్షాలు తేల్చుకుంటాయి. సాహిత్య విద్యార్థి దృష్టిలో పడవలసిన సంగతి మరొకటి వుంది. తెలంగాణ పల్లెల్లో మామూలుగా ఎవరూ ఉప్పుడు బియ్యం తినరు. తాను తినని తిండిని, తన నేలలోని నీళ్ళన్నీ తోడి, ఎక్కడో వున్న గిడ్డంగి కోసం రైతు పండించాడు. ఆ గిడ్డంగి వద్దనగానే ఏం చేయాలో తోచక నిలబడ్డాడు. ఉత్పత్తిదారు తన ఉత్పత్తికి పరాయివాడు కావడమంటే ఏమిటో పాఠం చెప్పడానికి విద్యార్థుల ముందు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ పెట్టలేము.

ఇక్కడ ఒక ప్రమాదాన్ని గురించి హెచ్చరించవలసివుంది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. ఆనాటినుంచీ ఒక రకం వాదన మన పత్రికల్లో వినిపిస్తూనే వుంది. చౌకబియ్యం వల్ల జొన్న పోయింది, కూలివాడు సోమరి అయ్యాడు, వ్యవసాయం చెడిపోయింది అని. మొదటి భాగంలో కొంత నిజముంది. మెట్టజిల్లాలో పండించిన జొన్న ధరకంటె దుకాణంలో వరిబియ్యం చౌకైనప్పుడు జొన్నను కొనేదెవరు? తక్కిన భాగం మాత్రం భూస్వామి మాట. అంతకుముందు ఆకలికి తాళలేక ఎంతకు రమ్మంటే అంతకు వచ్చిన కూలివాడు, ఇంట్లో ఇరవై కిలోల బియ్యం వుండేసరికి ‘ఈ కూలికి రాను’ అనగలిగాడు. అనగలగడమే నేరమైంది. 1996లో ధర పెంచినా, 2008లో మళ్ళీ రెండు రూపాయలకు తెచ్చినా, 2011లో ఒక రూపాయికి దించినా, 2013 జాతీయ ఆహారభద్రతా చట్టం అయినా, ఆ బియ్యం మన కూలీల ఇళ్ళలో పొయ్యి వెలిగించింది. ముతకధాన్యాల మీద ప్రేమ ఒలకబోస్తూ రేషన్‌ను తగ్గించమనే వారెవరైనా సరే, వారిని మనం మిత్రులుగా భావించడానికి వీల్లేదు.

మరొకవైపు గతాన్ని బంగారంచేసే వారున్నారు. ఈమధ్య కవిత్వంలో, ఆదివారం సంచికల్లో అంబలిమీద, గటకమీద కన్నీళ్ళు ఎక్కువయ్యాయి. అమ్మ చేతి జొన్నరొట్టె, తాతలనాటి బలం, ఎనభైయేళ్ళకు పళ్ళూడని ముసలివాళ్ళు – ఇవే ముచ్చట్లు. రాసినవారిలో ఎందరు తిరగలి తిప్పారో తెలియదు. కొర్రను పొట్టుతీయడం, అరికను దంచడం, తెల్లవారుజామున లేచి జొన్న విసరడం ఆడవాళ్ళ చేతుల పని. మరపట్టిన బియ్యం ఇంటికి రావడమంటే వారికి రోజుకు రెండు మూడు గంటల చాకిరీనుంచి విడుదల. వరన్నంవైపు పల్లె మొగ్గడంలో నాలుక పాత్ర ఎంతో, ఈ అలసిన భుజాల పాత్ర అంతకు తక్కువ కాదు. బలం సంగతి కూడా చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో ఒక విషయం వెల్లడించారు. జొన్నమీదనే బతికే పేదల్లో పెల్లాగ్రా అనే చర్మవ్యాధి కనిపించడం, దానికీ జొన్నలోని ఒక మాంసకృత్తు మూలకానికీ సంబంధముండటం వారు చూపిన సంగతి. జొన్నతోపాటు పప్పూ, పాలూ, ఆకుకూరా తినగలవాడికి జొన్న మేలు చేస్తుంది. జొన్న తప్ప మరొకటి దొరకనివాడికి అదొక శిక్ష. ఏ ధాన్యమూ దానంతటదే అమృతం కాదు.

ఇప్పుడు ప్రభుత్వం వైఖరి మారినట్టు కనిపిస్తుంది. దశాబ్దాలపాటు ‘ముతకధాన్యాలు’ అన్న లెక్కలపుస్తకాలు 2018లో వాటిని ‘పోషకధాన్యాలు’ అన్నాయి. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం, అదీ భారతదేశం ప్రతిపాదనమీదనే. ఆ ఏటి బడ్జెట్ ప్రసంగంలో వాటికి ‘శ్రీ అన్న’ అని నామకరణం జరిగింది. తెలుగు పత్రికల్లో ‘సిరిధాన్యాలు’ అన్న మాట స్థిరపడింది. పేర్ల చరిత్ర తెలిసిన తెలుగు ఉపాధ్యాయుడికి ఇందులో వినోదం లేకపోలేదు. ‘కూడు’ అన్నంతకాలం అది శూద్రుడి తిండి, దళితుడి తిండి. ‘శ్రీ’ తగిలించేసరికి విందుభోజనాల్లో వడ్డించదగినదైంది. శ్రీనాథుడు రాజాస్థానంలో దేన్ని వెక్కిరించాడో అది ఇప్పుడు నగరపు అంగడిలో గాజుసీసాల్లో, అట్టపెట్టెల్లో, మధుమేహానికి మందుగా అమ్ముడుపోతున్నది. కిలో కొర్రబియ్యం ధరకు సన్నబియ్యం రెండు కిలోలు వచ్చేచోట, కొర్ర పండించిన కూలిమనిషి దాన్ని కొని తినగలదా? పేదవాడి కంచంనుంచి తొలగించిన గింజ ధనికుడి ఆరోగ్యంగా తిరిగివచ్చింది. పేరు పెరిగినంతగా సేకరణ పెరగలేదు.

సాహిత్యం దగ్గరికి వస్తే, కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ 1964 నాటి కథ. భారత ఆహారసంస్థ పుట్టుకకు ఒక్క ఏడాది ముందు. అభివృద్ధి అనేది ఊరికి వచ్చిన కొద్దీ పేదవాడి అప్పు ఎలా పెరుగుతుందో, ఊరి పెద్దమనుషుల న్యాయం ఎంత మర్యాదగా అతని మెడకు చుట్టుకుంటుందో ఆ కథ చూపినంత నిర్దాక్షిణ్యంగా చూపిన రచన అరుదు. సింగమనేని నారాయణ తన కథాసంపుటికి ‘జూదం’ అని పేరు పెట్టుకున్నారు. అనంతపురం సేద్యానికి అంతకంటె తగిన పేరు లేదు. మన కథకులు అప్పును పట్టుకున్నారు, కరువును పట్టుకున్నారు, భూమిని పట్టుకున్నారు. తెలంగాణ సాయుధపోరాట సాహిత్యంలో లెవీ ధాన్యం వుంది, వెట్టి వుంది. కాని అనంతపురంలో వేరుశనగ వేసిన ఇంట్లో ఏ సంవత్సరంనుంచి కొర్రన్నం వండటం మానేశారు, అప్పటినుంచి పొయ్యి దేనిమీద ఆధారపడింది, అంగట్లో బియ్యం ధర పెరిగిన రోజున ఆ ఇంట్లో ఏమి జరిగింది అన్న కథ రాశిలో తక్కువ. తన తిండి తాను పండించుకునే రైతు తిండి కొనుక్కునే రైతుగా మారడం, భూమి చేతులు మారినంత పెద్ద మార్పు. అది రక్తపాతం లేకుండా, ఎవరిమీదా కోపం రాకుండా జరిగిపోయింది గనుక కథకుడి కంటికి అందలేదేమో.

ఈ మార్పుకు ఎదురు నిలిచినవారు రచయితలకంటె ముందు జహీరాబాదు ప్రాంతపు దళిత స్త్రీలు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో వారు విత్తనాలు దాచారు. ఎర్రనేలలో ఒకే చెలకలో పదికి పైగా పంటలు కలిపి వేసే పాతపద్ధతిని నిలబెట్టారు. తొంభైల మధ్యలో వారు చేసిన పని మన చర్చకు ముఖ్యమైనది. బీళ్ళుగా పడివున్న భూములను అప్పు ఇచ్చి సాగులోకి తెచ్చారు. ఆ అప్పును జొన్నల రూపంలో తిరిగి తీసుకున్నారు. వచ్చిన జొన్నను అదే ఊళ్ళోని పేదలకు తక్కువ ధరకు పంచారు. ధాన్యం రైలెక్కనవసరం లేని చౌకధరల దుకాణం అది. ఊరి భూమి, ఊరి గింజ, ఊరి కడుపు ఒకే లెక్కలోకి వచ్చాయి. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. బహుమతులు ఇచ్చినంత సులభంగా ఆ పద్ధతిని రాష్ట్రం తీసుకోలేదు. నా అభిప్రాయంలో ఈ ప్రయోగానికి పరిమితి కూడా వుంది. రాజ్యం చేయవలసిన పనిని పేదస్త్రీల ఓర్పుమీద ఎంతకాలమో నడపలేము. కొన్ని ఊళ్ళు చేసి చూపించినది విధానం కావాలంటే ఖజానా కదలాలి.

కదిలించిన చోట్లు లేకపోలేదు. కర్ణాటకలో రేషన్ దుకాణాల్లో రాగి, జొన్న ఇస్తున్నారు. ఒడిశాలో 2017లో మొదలైన పథకం కింద గిరిజన జిల్లాల్లో రాగి కొని పంపిణీలో పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో కొన్ని జిల్లాల్లో బియ్యానికి బదులు కొంత రాగి, జొన్న ఇవ్వడం మొదలైంది. ఆహారభద్రతా చట్టంలో ముతకధాన్యం కిలో రూపాయి అని 2013లోనే రాసుకున్నారు. 2023 జనవరినుంచి అసలు ధరే లేదు. అంటే చట్టం అడ్డు కాదు.

2025లో తెలంగాణ ప్రభుత్వం రేషన్‌లో దొడ్డుబియ్యానికి బదులు సన్నబియ్యం మనిషికి ఆరు కిలోలు ఇవ్వడం ప్రారంభించింది. సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనసు అంతకుముందు ఏడే వచ్చింది. దొడ్డుబియ్యాన్ని జనం తినకుండా అమ్ముకుంటున్నారనీ, అది మరపట్టి ఓడలెక్కుతున్నదనీ అందరికీ తెలిసిన విషయమే. 2024లో కాకినాడ రేవులో జరిగిన రభస మరిచిపోలేదు. పేదవాడికి మాత్రం సన్నబియ్యం ఎందుకని ఎవరైనా అంటే వారికి సమాధానం చెప్పవలసిన పని కూడా లేదు. దొరల ఇంట్లో వుడికిన బియ్యం కూలి ఇంట్లో వుడకడం న్యాయమే. అయితే దీనితో మెట్టచేను ఇంకొక అడుగు వెనక్కు పోయిందన్నది కూడా వాస్తవం. రాష్ట్రం ఇప్పుడు రైతుకు వరి వేయమనడమే కాక, ఏ రకం వరి వేయాలో కూడా డబ్బిచ్చి చెబుతున్నది.

కనుక అడగవలసింది స్పష్టంగా అడగాలి. ఆ ఆరు కిలోలను తగ్గించకుండా, అందులో రెండు కిలోలు జొన్నగానో తైదలుగానో తీసుకునే అవకాశం కార్డుదారుకు వుండాలి. తీసుకోవడం, మానడం ఆ ఇంటి ఇష్టం. ఆ జొన్నను ఆ జిల్లాలోనే, కోతకు ముందు ప్రకటించిన ధరకు, వరి కొన్నట్టే కొనాలి. వసతిగృహాల్లో, అంగన్‌వాడీల్లో వారానికి రెండు పూటలు వండినా వేల ఎకరాలకు మార్కెట్టు ఏర్పడుతుంది. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, కొత్త పేరు అసలే అక్కరలేదు. అన్నిటికంటె ముందు మండలానికి ఒకటైనా పొట్టుతీసే మర, పిండిమర పెట్టాలి. అది లేకుండా జొన్ననూ కొర్రనూ పల్లెలకు పంపితే, ఆ రెండు కిలోల బరువు మళ్ళీ ఆడవాళ్ళ చేతులమీదనే పడుతుంది.